శబ్దం వచ్చేదాకా ఆగుదాం



శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు మన తడలో ఎలా ఉంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. కౌంట్‌డౌన్ దగ్గరపడేసరికి వీధి వీధంతా మేడలెక్కేస్తుంది. ఈశాన్యం మూల, పులికాట్ అవతల నుంచి ఒక నిప్పు ముద్ద పైకి లేస్తుంది. పిల్లలు కేకలేస్తారు. కాసేపటికి అది చుక్కంత అయిపోతుంది. వెనకాల తెల్లటి పొగ తోక మాత్రం మిగులుతుంది.

కానీ ప్రయోగం అప్పటికి సగమే అయినట్టు. వెలుగు మనల్ని వెంటనే చేరుతుంది, శబ్దం చేరదు. గాలిలో శబ్దం ఒక కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. ప్రయోగ వేదిక నుంచి తడకు సూటిగా కొలిస్తే పాతిక కిలోమీటర్ల పైనే ఉంటుంది. అంటే రాకెట్ నేల వదిలినప్పటి గర్జన మన మేడ మీదికి రావడానికి 75, 80 సెకన్లు కావాలి. గాలివాటం అనుకూలంగా ఉండి, అంతసేపు నిలబడితే ఆ శబ్దం మెల్లగా వస్తుంది. చెవికంటే ముందు గుండెకు తెలుస్తుంది.

ఆ మధ్య ఒక ప్రయోగం రోజు నేనూ మా పాపా మేడ మీదే ఉన్నాం. నేను వీడియో తీశాను. రాకెట్ చిన్నదైపోగానే ఆ వీడియోను చుట్టాల గ్రూపులో పెట్టే పనిలో పడ్డాను.

"అమ్మా, వచ్చింది!" అంది పాప.

"ఏమొచ్చింది?" అన్నాను తలెత్తకుండా.

"శబ్దం. అయిపోయింది కూడా. నువ్వు ఈడనే ఉండావు కదా, ఎట్ట విన్లేదు?"

నేను ఈ స్కూల్లో ఏడో తరగతికి క్లాస్ టీచర్ని. "ధ్యాస ఎక్కడుంది?" అని రోజుకు పదిసార్లు పిల్లల్ని అడిగేదాన్ని. ఆ రోజు అదే ప్రశ్న నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ నెల పాఠం పిల్లలకు కాదు, మన పెద్దవాళ్లకు. ఉన్నచోట ఉండటం ఎలా అన్నదే ఈ పాఠం.

పరధ్యానం ఫోన్లతో మొదలవలేదు

ఇప్పుడు అందరూ మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది కొత్త సంగతేమీ కాదు. బౌద్ధులు పాళీలో 'సతి' అన్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం ఒక శిక్షణ మొదలుపెట్టాక అది ఆస్పత్రులకు, ఆ తర్వాత ఆఫీసులకు, బడులకు పాకింది. మనకు సులువైన మాట 'ఎరుక'. ఇప్పుడు ఇక్కడ ఏం జరుగుతోందో, నాలో ఏం జరుగుతోందో తెలిసి ఉండటం. అంతే.

దీనికి ఎదురుగా ఉన్న మాట పరధ్యానం. ఫోన్లు రాకముందు నుంచీ ఆ మాట మన ఇళ్లలో ఉంది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన అవ్వ చేతిలో ఫోన్ లేదు. ఫోన్ చేసిన పనల్లా పరధ్యానాన్ని జేబులోకి తేవడమే.

2010లో హార్వర్డ్ పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ ఒక అధ్యయనం ప్రచురించారు. 2,250 మంది పెద్దవాళ్లను ఫోన్ యాప్ ద్వారా రోజులో ఎప్పుడో ఒకప్పుడు పలకరించి అడిగారు: ఇప్పుడు ఏం చేస్తున్నారు? మనసు ఆ పని మీదే ఉందా? ఎంత సంతోషంగా ఉన్నారు? జవాబుల్లో 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు వేరేచోట ఉన్నప్పుడు వాళ్లు తక్కువ సంతోషంగా ఉన్నారు. ఏదో మంచి విషయమే తలచుకుంటున్నవాళ్లు కూడా, చేతిలో పని మీద మనసున్నవాళ్లకంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు.

అంటే మనసు తిరగడం రోగం కాదు, మామూలే. సగం సమయం అది ఇంట్లో ఉండదు. అది వెళ్లకుండా గొళ్లెం పెట్టలేం. వెళ్లిందని గమనించి తిరిగి రావడమొక్కటే మన చేతిలో ఉంది. ఈ తిరిగి రావడాన్ని సభలో అందరి ముందూ చేసి చూపించే కళ తెలుగువాళ్ల దగ్గర ఉంది.

అవధానం చెప్పే పాఠం

అష్టావధానం మీలో చాలామంది చూసే ఉంటారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి, అంటే మన తిరుపతి వేంకట కవులు, ఊరూరా సభల్లో చేసి దీన్ని జనంలోకి తెచ్చారు. అవధానం అంటేనే ధ్యాస నిలపడం. అవధాని చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి, ఇంకొకరు వర్ణన. మధ్యలో ఎవరో గంట కొడుతుంటారు, ఎన్నిసార్లు కొట్టారో చివర్లో చెప్పాలి.

వీళ్లలో ఒకరి పనల్లా అడ్డుతగలడమే. ఆయన్ని అప్రస్తుత ప్రసంగి అంటారు. పద్యం సగంలో ఉండగా సంబంధం లేని ప్రశ్న వేస్తాడు. ఇంట్లో ఈ రోజు కూరేంటి అనొచ్చు, జుట్టు ఎందుకు నెరిసింది అనొచ్చు. సభ నవ్వుతుంది.

అప్పుడు అవధాని ఏం చేస్తారో గమనించండి. చెవులు మూసుకోరు. కోప్పడరు. విననట్టు నటించరు. ఆ ప్రశ్న వింటారు, దానికో చమత్కారమైన జవాబిస్తారు, వెంటనే వదిలిన పద్యపాదం దగ్గరికి తిరిగి వస్తారు. ఒక ఆవృత్తిలో ఒక్కో పృచ్ఛకుడికి ఒక్కో పాదం చెప్పి, పక్కవారి దగ్గరికి వెళ్లి, మళ్లీ మొదటివారి దగ్గరికి రావాలి. చివర్లో ధారణ: అన్ని పద్యాలూ మొదటి నుంచి అప్పజెప్పాలి.

మన తలలో కూడా ఒక అప్రస్తుత ప్రసంగి ఎప్పుడూ కూర్చునే ఉంటాడు. కరెంటు బిల్లు కట్టావా అంటాడు. మేనేజర్ ఆ మాట ఎందుకన్నాడు అంటాడు. పిల్లవాడి తలలో ఉన్నవాడు క్రికెట్ స్కోరెంత అంటాడు. వాణ్ని సభ నుంచి గెంటేయడం కుదరదు. ఒక్క మాట జవాబు చెప్పి, పని దగ్గరికి తిరిగి రావడం నేర్చుకోవచ్చు. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక అభ్యాసం అయినట్టే. పదిసార్లు మనసు పోయి పదిసార్లు తిరిగొచ్చిన పిల్లవాడు ఓడిపోలేదు, పదిసార్లు అభ్యాసం చేశాడు.

మదనపల్లె కొండల మధ్య ఒక సాయంత్రం

మన సీమలోనే, మదనపల్లె దగ్గర, రిషి వ్యాలీ స్కూలుంది. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే బడి అది. అక్కడ 'అస్తాచల్' అనే అలవాటుంది. సాయంత్రం పిల్లలు ఒకచోట చేరి, మాటల్లేకుండా కూర్చుని, కొండల వెనక పొద్దు గుంకడం చూస్తారు. ఆ కాసేపూ చేయాల్సిన పని ఇంకేమీ ఉండదు. అదే లోయలో పక్షులను గమనించడం కూడా చదువులో భాగం.

కృష్ణమూర్తి తన ప్రసంగాల్లో ఏకాగ్రతకూ ఎరుకకూ తేడా చూపించేవారు. ఏకాగ్రత అంటే ఒక్కదాని మీదే చూపు బిగించి, మిగతావన్నీ తోసేయడం. అందులో ఎప్పుడూ ఒక పెనుగులాట ఉంటుంది. ఎరుక అలా కాదు. బయట కాకి అరుపు వినిపిస్తుంది, లోపల విసుగు కూడా తెలుస్తుంది. దేన్నీ తోసేయాల్సిన పని లేదు.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఈ తేడా బాగా అక్కరకొస్తుంది. "ఏకాగ్రత పెట్టు, ఏకాగ్రత పెట్టు" అని మనం వెనక నిలబడితే, పిల్లలు పుస్తకంతో కాక తమ మనసుతో కుస్తీ పడతారు. కాసేపటికి అలిసిపోయి, 'నాకు ఏకాగ్రత లేదు' అని తమకు తామే తీర్పు చెప్పేసుకుంటారు. క్లాసులో ఆ మాట నేను తరచూ వింటున్నాను. పన్నెండేళ్ల పిల్లవాడు తన గురించి తాను ఇవ్వాల్సిన తీర్పు కాదది.

మరి స్కూల్లో ఒక పీరియడ్ పెట్టేస్తే?

పేరెంట్-టీచర్ మీటింగుల్లో మీలో కొందరు అడిగారు: "మేడమ్, ధ్యానానికి ఒక పీరియడ్ పెట్టొచ్చు కదా?" మంచి ప్రశ్న. దాచకుండా జవాబు చెప్పాలి.

బ్రిటన్‌లో ఇదే ప్రశ్నకు పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది. 85 స్కూళ్లు, 11 నుంచి 14 ఏళ్ల వయసున్న 8 వేల మందికి పైగా పిల్లలు. కొన్ని స్కూళ్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చి క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పించారు, మిగతా స్కూళ్లలో మామూలు పాఠాలే నడిచాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. ఆ పాఠాలు విన్న పిల్లల మానసిక ఆరోగ్యం మిగతావారికంటే మెరుగుపడలేదు. ఎక్కువమంది పిల్లలు ఇంటి దగ్గర దాన్ని అభ్యాసమే చేయలేదు.

నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. ఈత గురించి పాఠం వింటే ఈత రాదు. పైగా క్లాసులో 'ఇప్పుడు ఇక్కడ ఉండండి' అని చెప్పి, ఇంటికెళ్లాక చుట్టూ ఎవరూ అక్కడ లేకపోతే, పిల్లలు నేర్చుకునేది ఏ పాఠం? మాట వినకపోయినా మన తీరు మాత్రం చూసి నేర్చుకుంటారు పిల్లలు.

పసిపాప కూడా కనిపెడుతుంది

1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త తల్లులు, పసిబిడ్డలతో ఒక ప్రయోగం చేశారు. తల్లి మొదట బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత కొద్ది నిమిషాలు, బిడ్డ ఎదురుగానే ఉండి, ముఖంలో ఏ కదలికా లేకుండా చూస్తుంది. అంతే. కొట్టదు, తిట్టదు, ఎక్కడికీ వెళ్లదు.

బిడ్డకు వెంటనే తెలిసిపోతుంది. నవ్వుతుంది, చేతులు చాపుతుంది, ఊకొడుతుంది. అమ్మ ముఖం కదలకపోతే ముఖం తిప్పేసుకుంటుంది, కొందరు ఏడుపు లంకించుకుంటారు. మాటలు రాని వయసులోనే బిడ్డకు తెలుసు: మనిషి ఎదురుగా ఉండటం వేరు, నాతో ఉండటం వేరు.

పెద్ద పిల్లలూ ఇదే చేస్తారు, కాకపోతే చప్పుడు చేయరు. స్కూలు నుంచి వచ్చి ఏదో చెప్పబోతారు. మనం ఫోన్ చూస్తూ "ఊఁ" అంటాం. రెండోసారి చెప్తారు, మూడోసారీ చెప్తారు. ఆ తర్వాత చెప్పడం మానేస్తారు. తొమ్మిదో తరగతికి వచ్చాక "మావాడు నోరు విప్పడు మేడమ్" అని మనమే బాధపడతాం.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి రాయడం లేదు. శ్రీసిటీలో నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన నాన్నకు కళ్లు మూతలు పడుతుంటాయి. ఇంటి పనీ ఉద్యోగమూ మోసే అమ్మకు కూర్చునే తీరికే ఉండదు. అడ్డరోడ్డు దగ్గర అంగడి నడిపేవారికి ఫోనే వ్యాపారం. పిల్లలతో రోజంతా గడపమని ఎవరూ అడగలేరు.

ట్రోనిక్ చెప్పిన రెండో మాట మనకు ధైర్యమిస్తుంది. మంచి తల్లీబిడ్డల మధ్య కూడా ఒకరి ధ్యాస ఒకరికి అందని క్షణాలు చాలానే ఉంటాయి. అవి లేకుండా చూసుకోవడం ముఖ్యం కాదు, మళ్లీ కలవడం ముఖ్యం. చూడండి, ఇక్కడా అదే మాట వచ్చింది: తిరిగి రావడం. "సారీరా, నేను వినలేదు. మళ్లీ చెప్పు" అనడం అలాంటి తిరిగి రావడమే. ఆ మాట అన్న తల్లిదండ్రుల గౌరవం పిల్లల దగ్గర తగ్గడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

వీటిలో దేనికీ ఖర్చు లేదు, ప్రత్యేకంగా టైం కూడా అక్కర్లేదు. నాలుగూ ఒకేసారి వద్దు. ఒకటి ఎంచుకుని నెలంతా చేయండి.

ఒకటి, గడప దగ్గర. పిల్లలు స్కూల్ వ్యాన్ దిగినప్పుడో, మీరు షిఫ్ట్ నుంచి ఇల్లు చేరినప్పుడో, మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టండి. "మార్కులు ఇచ్చారా?" అన్న ప్రశ్న వద్దు. "ఈ రోజు ఏం చూశావు?" అనండి. వాళ్లు చెప్పకపోయినా ఫర్వాలేదు, అక్కడే కూర్చోండి. జవాబు వెంటనే రాదు, శబ్దంలాగే కొంచెం ఆలస్యంగా వస్తుంది.

రెండు, కంచం దగ్గర. మొదటి ఐదు ముద్దలు టీవీ లేకుండా, ఫోన్ లేకుండా తినండి. పప్పులో తాలింపు వాసన, సంగటి వేడి, ఊరగాయ కారం నాలుకకు తెలిసేలా తినండి. ఐదు ముద్దల తర్వాత మీ ఇష్టం. చిన్నపిల్లలకు దీన్ని ఆట చేయండి: ఈ రోజు పులుసులో ఏముందో కళ్లు మూసుకుని చెప్పాలి.

మూడు, చదువు దగ్గర. పుస్తకం పక్కన ఒక చిన్న కాగితం పెట్టి, పైన 'అప్రస్తుతం' అని రాయించండి. ఇరవై నిమిషాలు చదువుతారు. మధ్యలో తలలోని అప్రస్తుత ప్రసంగి ఏదైనా అడిగితే, అది ఆ కాగితం మీద రెండు మాటల్లో రాసి, వదిలిన వాక్యం దగ్గరికి తిరిగి రావాలి. చదువు అయ్యాక ఆ కాగితం చూసుకుని నవ్వుకోవచ్చు. మా క్లాసులో ఒకరి కాగితం మీద 'బిర్యానీ' ఆరుసార్లు ఉంది. ఆరుసార్లు తిరిగొచ్చాడని అందరం చప్పట్లు కొట్టాం. ఒక్క షరతు: ఆ కాగితం చూసి మీరు తిట్టకూడదు. తిడితే రేపటి నుంచి కాగితం ఖాళీగా ఉంటుంది, తల మాత్రం ఖాళీగా ఉండదు.

నాలుగు, సరస్సు దగ్గర. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఉండే కాలమైతే ఇది చేయండి. ఎక్కడెక్కడి నుంచో జనం వాటిని చూడటానికి వస్తారు, మనకు గంటలోపు దారి. ఒక ఆదివారం బీవీపాళెం వైపో, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు వైపో వెళ్లండి. ముందు పది నిమిషాలు ఫోటోలు వద్దు. ఊరికే చూడండి. ఫ్లెమింగో తల తలకిందులు చేసి, ముక్కుతో నీటిని వడగట్టి తింటుంది. ఎంతసేపు తల నీళ్లలో ఉంచుతుందో పిల్లల్ని లెక్కపెట్టమనండి. ఎండ, ఉప్పు గాలి, బురద వాసన, కాళ్ల కింద నేల ఒక్కొక్కటీ గమనించమనండి. పది నిమిషాలయ్యాక కావలసినన్ని ఫోటోలు తీసుకోండి.

రెండు జాగ్రత్తలు

మొదటిది, దీన్ని మార్కుల కోసం చేయించకండి. 'ధ్యానం చేస్తే ర్యాంకు వస్తుంది' అంటే అది కూడా ఇంకో హోంవర్క్ అయిపోతుంది. అది ఉన్నచోట ఉండటం కోసమే. దానివల్ల చదువు కుదురుకుంటే మంచిదే, కానీ అది బేరం కాదు.

రెండోది, ఇది వైద్యం కాదు. పిల్లలు వారాల తరబడి దిగులుగా ఉన్నా, నిద్రపోకపోయినా, తిండి మానేసినా, 'బతకాలని లేదు' లాంటి మాట అన్నా, కళ్లు మూసుకుని ఊపిరి గమనించమని చెప్పి వదిలేయకండి. వెంటనే డాక్టర్‌ను కలవండి, మాకూ చెప్పండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇంట్లో క్యాలెండర్ మీద రాసి ఉంచండి.

చివరగా

మా ఇంట్లో ఇప్పుడొక నియమం ఉంది. ప్రయోగం రోజు వీడియో తీసేది ఒక్కరే, వంతులవారీగా. మిగతావాళ్లు ఊరికే చూడాలి. రాకెట్ కనుమరుగైనా ఎవరూ మేడ దిగకూడదు. పాప వేళ్లు మడుస్తూ లెక్కపెడుతుంది. అరవై, డెబ్బై... ఒక్కోసారి గాలి ఎదురుగా ఉండి ఏమీ వినిపించదు. అయినా ఆ ఎనభై సెకన్లూ అందరం ఒకేచోట, ఒకే దాని కోసం ఎదురుచూస్తూ ఉంటాం. మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఇంకెప్పుడూ ఉండదు.

ఈ నెలాఖరుకు పిల్లల డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి: మీరు ఏది ఎంచుకున్నారు, ఏం గమనించారు. కుదరలేదని రాసినా సంతోషమే. కుదరలేదని గమనించడం కూడా తిరిగి రావడంలో భాగమే.

ఈసారి ప్రయోగం ఉన్న రోజు మీ మేడ మీద శబ్దం వచ్చేదాకా ఆగండి.

మీ పిల్లల క్లాస్ టీచర్